అప్పుడప్పుడు వచ్చు లోపము



ఒక దినము నమ్మకముగా నడిచి, మరియొక దినము తప్పిపోవు మనిషిని మనము ఏమని యెంచవలెను? వేషధారి యని కొందరందురు, బలహీనుడని కొందరందురు. ఆరు నెలలు త్రాగుడు మానిన సహోదరుడు సంత నాడు త్రాగి యింటికి వచ్చినయెడల, అతనిని ప్రభువు బల్లనుండి దూరపరచవలెనా? పెద్దల కూటములలో తరచుగా వచ్చు ప్రశ్న యిది. జవాబునకు ముందు ఒక పాత కారు సంగతి చెప్పెదను, నవ్వకుడి.

మన సాలూరు, పార్వతీపురము వైపు పుష్యమాసపు చలి యెట్టిదో మీకు తెలియును. సాలూరు దాటి పొట్టంగి ఘాటు రోడ్డు ఎక్కిన కొలది అది యింకను ఎక్కువగును. అట్టి ఉదయములలో పాత అంబాసిడర్ కారు మొరాయించును. 1958లో మొదలై 2014లో తయారీ నిలిచిపోయిన ఆ బండ్లు నేటికిని అక్కడక్కడ తిరుగుచున్నవి. ఎండ పొడిచిన తరువాత, ఏమియు జరుగనట్టు ఒక్క సెల్ఫుకే అందుకొనును! మధ్యాహ్నము మెకానిక్కునొద్దకు తీసికొని పోయినయెడల అతడు, "బండి బాగానే యున్నది గదా" అనును. యజమాని అబద్ధికుడైనట్టు నిలువబడును.

పని తెలిసినవాడు బండిని రాత్రి ఆరుబయట ఉంచుమని, తెల్లవారుజామున ఎవరును తాళము త్రిప్పకమునుపే తానే వచ్చును. మొదట చెవితో వినును. టక్కుమని శబ్దము వచ్చి ఇంజను కదలనియెడల కరెంటు సెల్ఫునకు సరిగా చేరుట లేదేమో; బ్యాటరీ కొనలకు తెల్లని, పచ్చని చిలుము పట్టియుండవచ్చును, ఎర్తు తీగ వదులై యుండవచ్చును. ఇంజను నీరసముగా తిరిగినయెడల బ్యాటరీని అనుమానించును. చలికి దానిలోని రసాయన క్రియ మందగించును. అదే వేళ ఇంజను ఆయిలు చిక్కబడి భారము పెంచును. బలము తగ్గిన గడియలోనే పని పెరుగును. పూర్తిగా నిండిన 12 వోల్టుల బ్యాటరీ ఊరకున్నప్పుడు సుమారు 12.6 చూపును, సెల్ఫు కొట్టునప్పుడు 10కి చాల క్రిందుగా పడినయెడల అనుమానము బలపడును. ఇంజను చురుకుగా తిరిగియు అందుకొననియెడల, మంచు తేమ డిస్ట్రిబ్యూటరు మూతలో చేరి నిప్పురవ్వను చెడగొట్టుచున్నదా, చోకు సరిగా మూసికొనుచున్నదా అని చూచును. చల్లని పెట్రోలు సులభముగా ఆవిరి కాదు గదా.

తొందరపడువాడు బ్యాటరీ, సెల్ఫు, ప్లగ్గులు అన్నియు ఒక్కసారే మార్పించును. డబ్బు పోవును, వదులైన తీగ వదులుగానే యుండును.

పేతురు సంగతి చూడుడి. ఆ రాత్రి చలిగా నుండెననియు, దాసులు బొగ్గుల మంట వేసికొనగా పేతురు వారితో నిలిచి కాచుకొనుచుండెననియు యోహాను 18వ అధ్యాయము తెలుపుచున్నది. కొంచెము ముందే తోటలో కత్తి దూసినవాడు ఆ మంటయొద్ద బొంకెను. వీరిలో నిజమైన పేతురు ఎవడు? ఇద్దరును నిజమే యని నా తలంపు. 21వ అధ్యాయములో, తెల్లవారుచుండగా, తిబెరియ సముద్రతీరమున ప్రభువు సిద్ధపరచినది మరల బొగ్గుల మంటయే. గ్రీకు మూలములో ఆ మాట క్రొత్త నిబంధనయంతటిలో ఈ రెండు చోట్లనే యున్నది. మంట అదియే, ప్రశ్నలు మూడు. తప్పు జరిగిన స్థితికే ప్రభువు అతని తిరిగి తెచ్చెను. అయితే ఆయన ఎందుకు బొంకితివని అడుగలేదు. ప్రేమించుచున్నావా యని అడిగెను.

మనమో, ఆదివారము ఉదయము ఉతికిన బట్టలతో వచ్చిన సహోదరుని చూచి తీర్పు తీర్చుచున్నాము. అది మధ్యాహ్నపు పరీక్ష. సంత సాయంకాలమున అతని చేతిలో కూలి డబ్బు ఎంత, ప్రక్కన ఎవరు, అప్పు అడుగువాడు ఏ మలుపులో నిలిచియున్నాడు? ఇవి ఎవరును చూడలేదు. క్రమశిక్షణ వద్దని నేననుట లేదు. త్రాగి భార్యను కొట్టువాని విషయములో ఒక్క రాత్రియు ఆలస్యము చేయరాదు. బ్రేకులు లేని బండిని రోడ్డుమీదికి ఎవరు విడుతురు? మిగిలినవారి విషయములో, సంత నాడు దీపములు పెట్టు వేళ అట్టి సహోదరునితో ఇంటివరకు నడిచి వచ్చువారెవరో, ఈ నెల కూటములో ముందుగా ఆ పేర్లు వ్రాసికొందము. బల్ల సంగతి తరువాత మాటలాడవచ్చును.