పంచుకున్న పనిలో జవాబుదారీ ఎవరు?

మలక్‌పేట గంజ్‌లో ఉల్లిగడ్డల బస్తా ఒక్కరి చేతి మీదుగా పోదు. హమాలీ దించుతాడు, కమీషన్ ఏజెంటు వేలం పెట్టిస్తాడు, దడవాయి తూకం వేస్తాడు, గుమస్తా చిట్టీ రాస్తాడు. ఏ బజారులోనైనా తూకంలో రెండు కిలోలు తగ్గాయనుకుందాం. రేపు అల్లాహ్ సన్నిధిలో సమాధానం చెప్పవలసింది ఎవరు? తూచినవాడా? సైగ చేసిన యజమానా? చూసి కూడా రాసుకున్న గుమస్తానా?

‘నా పని నేను చేశాను, మిగతాది నాకెందుకు?’ అనడం మనకు అలవాటైపోయింది. ఈ మాట ఎంతవరకు చెల్లుతుంది?

హిజ్రీ 5వ సంవత్సరం (క్రీ.శ. 627) కందక యుద్ధాన్ని గుర్తుచేసుకుందాం. శత్రుసేనలు మదీనా మీదికి వస్తున్నాయి. కందకం తవ్వుదామన్న సలహా హజ్రత్ సల్మాన్ ఫారసీ (రజి)ది. దైవప్రవక్త (స) దానిని స్వీకరించి, పదేసి మందికి నలభై మూరల చొప్పున పని పంచారని చరిత్రకారులు రాశారు. ఎందుకు తవ్వుతున్నామో అందరికీ తెలుసు, ఎవరి వంతు ఎంతో కూడా తెలుసు. పంచి ఇచ్చిన ఆయన పక్కన కూర్చోలేదు. స్వయంగా మట్టి మోశారు. ఒకచోట గట్టి బండ అడ్డొచ్చింది. తవ్వేవారు ‘ఇది మా వల్ల కాదు’ అని దాచిపెట్టకుండా ఆయనకు చెప్పారు. ఆకలికి పొట్టకు రాయి కట్టుకున్న స్థితిలోనే ఆయన దిగివచ్చి ఆ బండను పగలగొట్టారు. మన దుకాణాల్లో ఎంతమంది కుర్రాళ్ళకు తమ ‘బండ’ గురించి యజమానితో చెప్పుకునే ధైర్యం ఉంది?

నెలకు ఇంత అమ్మాలని అంకె ఒక్కటే చెప్పి, ఎలా అమ్ముతావో నీ తిప్పలు అనే యజమాని ఈ పద్ధతికి దూరమైనవాడు. ఆ అంకె కోసం కుర్రవాడు అబద్ధమాడితే అందులో యజమానికీ వాటా ఉందనే మేము అంటాం. అలాగని కుర్రవాడు తప్పించుకోలేడు. తూకంలో మోసగించేవారి పేరుతోనే ఖుర్‌ఆన్‌లో ఒక సూరా (83వది) ఉంది. యజమాని చెప్పాడన్న సాకు అక్కడ పనికిరాదు.

ఇక ఉహుద్ (క్రీ.శ. 625) సంగతి. కొండ మీద నిలిపిన యాభై మంది విలుకాండ్రకు తమ పని స్పష్టంగానే తెలుసు. గెలుపు వచ్చేసిందని తామే తీర్మానించుకుని, నాయకుని మాట వినకుండా చాలామంది దిగిపోయారు. ఆ నష్టం ముస్లిం సైన్యమంతా అనుభవించింది.

కందకం దగ్గర విశ్వాసులు అవసరం పడితే అనుమతి అడిగి వెళ్ళి, పని చూసుకుని తిరిగి వచ్చేవారు. చెప్పకుండా జారుకున్నది కపటులు. ఇది మనకూ తగులుతుంది. జుహర్ వేళ కౌంటరు వదిలి మస్జిదుకు పరుగెత్తుతాం. పక్కనున్న ముస్లిమేతర సోదరుడు రెండు కౌంటర్ల గిరాకీని ఒక్కడే చూసుకుంటాడు. నమాజు మన మీద ఫర్జ్, సందేహం లేదు. కానీ వెళ్ళేముందు అతనితో ఒక మాట చెప్పామా? అతను భోజనానికి లేచినప్పుడు అతని కౌంటరు దగ్గర మనం నిలబడుతున్నామా?