బొంత ఒకటా, అనేకమా?

పాత చీరల, పంచెల పేలికలను పేర్చి కుట్టిన బొంత ఒకే వస్తువా, లేక పేలికల పోగు మాత్రమేనా అన్న ప్రశ్న భారతీయ దర్శనాలలో అవయవిని గురించిన చర్చకు చెందుతుంది. అవయవాలంటే భాగాలు, అవి కలిసి ఏర్పడిన సమగ్ర వస్తువు అవయవి. దారాల నుంచి పుట్టిన గుడ్డ దారాలకంటే వేరైన కొత్త ద్రవ్యమనీ, అది సమవాయమనే నిత్య సంబంధంతో వాటిలో నిలిచి ఉంటుందనీ న్యాయవైశేషికులు చెప్పగా, భాగాలను విడిచి అవయవి లేదనీ, అది వ్యవహారం కోసం లోకం పెట్టుకున్న పేరేననీ బౌద్ధులు వాదించారు.

ఈ చర్చలో రంగురంగుల వస్త్రం ఒక చిక్కుముడి. 17వ శతాబ్దపు ఆంధ్ర పండితుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో రంగులను ఏడుగా లెక్కించి, వాటిలో చిత్రరూపాన్ని, అంటే కలగలుపు రంగును, ఒకటిగా చేర్చాడు. రంగు తన ఆశ్రయమంతటా వ్యాపించి ఉండాలి గనుక వస్త్రంలో ఒక మూల ఎరుపు, మరో మూల పసుపు ఉన్నాయనడం కుదరదనీ, వస్త్రానికంటూ రంగు లేకపోతే అది కంటికి కనబడదనీ తన దీపికా వ్యాఖ్యలో సమర్థించాడు.

బొంత అంచుకు వేసే క్రాస్ పట్టీ అవయవి పక్షానికి ఇంతకంటే బలమైన సాక్ష్యమిస్తుంది. నూలుగుడ్డను పడుగు వెంటగానీ పేక వెంటగానీ కత్తిరిస్తే ఆ పట్టీ అంతగా సాగదు. ఆ దారాలకు 45 డిగ్రీల కోణంలో ఏటవాలుగా కత్తిరిస్తే అదే గుడ్డ లాగినకొద్దీ సాగి, సన్నబడి, గుండ్రని మూలను ముడత లేకుండా చుట్టుకుంటుంది. ఇక్కడ సాగింది దారం కాదు. నేతలోని చదరపు గళ్లు పక్కకు ఒరిగాయి. కనుక ఈ సాగుదల విడి దారంలో కనబడని, నేతకే చెందిన గుణం.

ఒక భాగాన్ని పట్టుకుంటే వస్తువంతా నిలవడం, లాగితే అంతా కదిలిరావడం, అంటే ధారణ, ఆకర్షణ, అవయవి ఉనికికి హేతువులని గౌతముని న్యాయసూత్రాలు చెబుతాయి. ఇవీ, పట్టీ సాగుదలా దారాల అమరిక వల్ల కలిగినవేననీ, అందుకు కొత్త ద్రవ్యం అక్కరలేదనీ బౌద్ధ పక్షం బదులు చెప్పవచ్చు. ఆ సమాధానానికి బలముంది. అయితే అమరికను వట్టి పేరుగా తీసివేయడానికి వీలులేదు, ఎందుకంటే దారాలు అవే అయినా, ఏటవాలు అంచును లాగుతూ కుడితే బొంత అంచు అలలుగా లేస్తుంది, గుండుసూదులతో నిలిపి కుడితే చదునుగా ఉంటుంది. అవయవి వేరే ద్రవ్యమా కాదా అన్న వివాదం ఎటు తేలినా, భాగాల నడుమ ఉన్న సంబంధం భాగాలంత సత్యమైనదే; ఒక మూల పట్టి ఎత్తినప్పుడు పేలికలన్నీ ఒక్కటై లేచేది ఆ సంబంధం వల్లనే.