పొగ, నిప్పు, రెండో సిలిండర్

సిగ్నల్ దగ్గర ఆగిన కారు స్టీరింగ్‌తో సహా వణుకుతుంటే మెకానిక్ చెప్పే మాట ఒకటే: "మిస్సింగ్ వస్తోంది." నిమిషానికి 800 చుట్లతో ఐడ్లింగ్‌లో ఉన్న ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ 400 సార్లు మండాలి. నాలుగు సిలిండర్లలో ఏదో ఒకటి మండటంలేదు. స్కానర్ పెడితే పి0302 అని చూపిస్తుంది, అంటే రెండో సిలిండర్. ఇక దాని ప్లగ్గుకు నిప్పురవ్వ పుట్టించే కాయిల్ మార్చేస్తే సరి అనిపిస్తుంది. కారణం తెలిసిందని ఎప్పుడు అనవచ్చన్న పాత ప్రశ్న అక్కడే మొదలవుతుంది.

స్కానర్ చెప్పింది ఎక్కడన్నదే, ఎందుకన్నది కాదు. ఆ మాటకొస్తే అదీ ప్రత్యక్షం కాదు, అనుమానమే. కారులోని కంప్యూటర్ సిలిండర్‌లోకి తొంగిచూడదు. రెండో సిలిండర్ తోయాల్సిన క్షణంలో క్రాంక్‌షాఫ్ట్ వేగం తగ్గితే, మంట పడలేదని ఊహిస్తుంది. కొండమీద పొగను చూసి నిప్పుందనుకోవడం లాంటిదే ఇది. గుంతల రోడ్డు మీద చక్రాల కుదుపు క్రాంక్‌షాఫ్ట్‌దాకా పాకితే మంట బాగున్నా అదే తడబాటు కనిపించవచ్చు. పొగమంచును పొగ అనుకున్నట్టన్నమాట!

17వ శతాబ్దంలో 'తర్కసంగ్రహం' రాసిన తెలుగు పండితుడు అన్నంభట్టు, పొగకూ నిప్పుకూ ఉన్న ఈ సంబంధానికి ఇచ్చిన ఉదాహరణలు వంటిల్లు, చెరువు. వంటింట్లో పొగ ఉంది, నిప్పూ ఉంది: అన్వయం. చెరువులో నిప్పు లేదు, పొగా లేదు: వ్యతిరేకం. ఈ పేర్లు ఎన్నడూ వినకపోయినా మంచి మెకానిక్ చేసేది ఇదే. ప్రతి ప్లగ్గుకూ విడి కాయిల్ ఉన్న కార్లలో రెండో సిలిండర్ కాయిల్‌ను మూడోదానికి, మూడోదాన్ని రెండోదానికి మార్చి పెడతాడు. పైసా ఖర్చు లేదు. కోడ్ చెరిపి కాసేపు నడిపాక పి0303 వచ్చిందా, దోషం కాయిల్‌తోపాటే కదిలింది. మళ్లీ పి0302యే వస్తే కాయిల్‌ను అనవసరంగా అనుమానించినట్టే. అప్పుడు ప్లగ్గు, ఇంజెక్టర్, ఆ తర్వాత కంప్రెషన్ వంతు.

కాయిల్ దొరికిపోయినా కథ ముగియకపోవచ్చు. నిప్పున్న ప్రతిచోటా పొగ రాదు, తడికట్టె తోడైతేనే వస్తుంది. తార్కికులు ఈ తోడును 'ఉపాధి' అన్నారు. ట్యాపెట్ కవర్ గ్యాస్కెట్ కారి ప్లగ్గు గుంటలో ఆయిల్ నిండితే, కొత్త కాయిల్ కూడా కొన్నాళ్లకు పాతదాని దారే పడుతుంది. ఇక్కడ తడికట్టె ఆ ఆయిలే.

మరి నాలుగు ప్లగ్గులు, నాలుగు కాయిళ్లు ఒకేసారి మార్చేస్తే? వణుకు పోవచ్చు. బిల్లు ఎంతో తెలుస్తుంది, కారణమేమిటో తెలియదు. బండి నడిస్తే చాలు కదా అనే వాదాన్ని తీసిపారేయలేం; అరిగిన ప్లగ్గులన్నీ కలిపి మార్చడం సబబే కూడా. కానీ జబ్బు తిరగబెట్టిన రోజున వెతుకులాట మళ్లీ మొదటికొస్తుంది.

చెక్ ఇంజన్ దీపం ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం తర్కం తర్వాత, ముందు బండి ఆపాలి. మండని పెట్రోలు సైలెన్సర్ దారిలోని కెటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది. మిగతా సందర్భాల్లో కొత్త కాయిల్‌కు డబ్బు కట్టేముందు, పాతదాన్ని పక్క సిలిండర్‌లో పెట్టి చూపించమని అడగండి.