వాన రాని రోజు కాపలా

మా దర్శిలో ఐసంటే నాకు తెలిసినవి రెండే. ఒకటి పిల్లలు చీకే పుల్ల ఐసు. రెండోది పెళ్ళిళ్ళకి గోనెపట్టాలో చుట్టి తెచ్చే ఐసు దిమ్మ. ఆ రెంటి మీదా ఎవరూ ఆటలాడగా నేను చూడలేదు. అలాంటిది మొన్నొక మధ్యాహ్నం మా మనవరాలు సెల్‌ఫోను నా ముక్కుకి ఆనించి, "చూడు నాయనమ్మా, మంచు మీద హాకీ! ఫిన్లండు ఆడవాళ్ళ జట్టు!" అంది.

చూశాను. కాళ్ళకి కత్తుల్లాంటివి కట్టుకుని, చేతుల్లో కర్రలు పట్టుకుని ఆడపిల్లలు జర్రుమని జారిపోతున్నారు. మనం బాత్‌రూములో జారితే ఆర్నెల్లు మంచం. వాళ్ళేమో జారడమే చదువుగా చదివారు! ఆట కంటే నా చూపు ఓ పక్కకి పోయింది. అక్కడ బల్ల మీద ఒక పిల్ల కాళ్ళకి లావుపాటి మెత్తలు, గుండెకి కవచం అన్నీ తొడుక్కుని కదలకుండా కూర్చుని ఉంది.

"ఆ పిల్లెవరే?"

"రెండో గోల్‌కీపరు."

"ఎప్పుడాడుతుంది?"

"మొదటామెకి దెబ్బ తగిలితేనో, ఆవిడ సరిగా ఆడకపోతేనో."

"తగల్లేదనుకో, బాగా ఆడిందనుకో?"

"ఇట్లాగే కూర్చుంటుంది," అని మనవరాలు ఫోను లాక్కుంది. దాని మటుకు దానికి ప్రశ్న అయిపోయింది. నాకు అప్పుడే మొదలైంది.

ఒలింపిక్సులో ఆడవాళ్ళ ఐసు హాకీ మొదలైంది 1998లో, జపానులోని నగానోలో. ఆ మొదటిసారే ఫిన్లండు పిల్లలు కంచు పతకం పట్టుకుపోయారు. 2019లో వాళ్ళ సొంత దేశంలోనే, ఎస్పూ పట్నంలో, ప్రపంచ పోటీల ఫైనలు దాకా వచ్చారు. అమెరికా, కెనడాలు తప్ప మరో దేశం అంతదాకా రావడం అదే మొదలు. అదనపు సమయంలో గోలు కొట్టి, గెలిచామని ఒకరి మీదొకరు పడి కావలించుకున్నారు కూడా. తీరా వీడియో చూసి ఆ గోలు చెల్లదన్నారు. ఆఖరికి గెలుపు అమెరికాది. ఆ దుఃఖం ఆడినవాళ్ళది, సరే. మరి బల్ల మీద కూర్చున్నవాళ్ళది కాదా? గెలిచి ఉంటే ఆ సంతోషంలో వాళ్ళకి వాటా ఎంత?

అంత దూరం ఎందుకు, మన దగ్గరే ఉంది ఏటిమార్పు రజని. అప్పటి చిత్తూరు జిల్లా యనమలవారిపల్లెలో ఒక వడ్రంగి ఇంటి బిడ్డ. మన దేశపు హాకీ జట్టుకి గోల్‌కీపరు. మన ఆడవాళ్ళ హాకీ జట్టు 1980లో మాస్కో ఒలింపిక్సులో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ తర్వాత మళ్ళీ ఒలింపిక్సు గడప తొక్కడానికి 36 ఏళ్ళు పట్టింది. ఆ 2016 రియో ఆటలకి ఎంపికైంది 16 మంది. అందులో గోల్‌కీపరు ఒక్కతే, హర్యానా అమ్మాయి సవిత. రజని రిజర్వు. కరోనా వల్ల ఏడాది ఆలస్యంగా 2021లో జరిగిన టోక్యో ఆటలకీ అంతే. ఆస్ట్రేలియాని ఒక్క గోలుతో ఓడించి మనవాళ్ళు మొదటిసారి సెమీఫైనలుకి వెళ్ళినప్పుడు గోలు ముందు గోడలా నిలబడింది సవితే. కంచు పతకం కోసం బ్రిటనుతో ఆడి 3-4తో ఓడినప్పుడు మన పిల్లలు ఏడుస్తుంటే దేశమంతా టీవీల ముందు కళ్ళు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను. అప్పుడు రజని సంగతి నాకు తట్టనే లేదు.

ఈ ఆటలో మిగతావాళ్ళు కొద్ది నిమిషాలకొకసారి మారుతూనే ఉంటారట. గోల్‌కీపరు అట్లా కాదు. ఆ చోటు ఒక్కటే. ఒకరు నిలబడ్డారంటే రెండోవారు కూర్చోవాలి. కానీ తెల్లారి లేచి పరుగులు, కసరత్తులు, వంటి మీదికొచ్చే బంతులు ఇద్దరికీ సమానమే. మరి కూర్చున్నామె ఆడినట్టా, ఆడనట్టా?

ఈ ప్రశ్న నాకు హాకీ వల్ల రాలేదని ఒప్పుకోవాలి. మా కల్లంలోంచి వచ్చింది.

1983 ప్రాంతంలో మాట. అప్పటికి మా అత్తవారింట్లో సాగరు కాలవ కింద మిరప వేసేవారు. మిరపకాయ కోయడం ఒక ఎత్తు, ఎండబెట్టడం ఒక ఎత్తు. కల్లం నిండా కాయలు ఆరబోయాలి, తిరగబోయాలి, సాయంత్రానికి కుప్ప చేసి మంచు తగలకుండా పట్టా కప్పాలి. మధ్యలో వానగానీ పడిందా, రంగు పోయి, బూజు పట్టి, ఏడాది రెక్కల కష్టం సగం ధరకి పోతుంది. అందుకని కల్లం దగ్గర మనిషి ఉండాలి. మా ఇంట్లో ఆ మనిషి మా పెద్ద వదిన, అంటే మా ఆడబిడ్డ. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి.

కాయలు కల్లంలో ఉండే రోజుల్లోనే శివరాత్రి వస్తుంది. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళ. ఇంటిల్లిపాదీ బండి కట్టించుకుని వెళ్ళేవాళ్ళం. ఆకాశమంత ప్రభలు, వాటి మీద విద్యుద్దీపాలు, జనం, చెరుకు గడలు! తిరిగొచ్చి వారం రోజులు అవే కబుర్లు. వదిన మాత్రం ఒక్క ఏడూ రాలేదు. "కల్లం ఎవరు చూస్తారు?" అనేవారు మా మామగారు. అది ప్రశ్న కాదని అందరికీ తెలుసు.

ఆ ఏడు మిరపకి మంచి ధర పలికింది. గుంటూరులో టిక్కీలు అమ్మి వచ్చి, ఇంట్లో ఆడవాళ్ళందరికీ చీరలు కొనమని మా మామగారు నా చేతికి డబ్బిచ్చారు. కోసినవాళ్ళకి, తాలు ఏరినవాళ్ళకి, వండిపెట్టినవాళ్ళకి అందరికీ మంచివి తీశాను. వదినకి మాత్రం ఒక ముతక నేత చీర తీశాను. డబ్బు చాలక కాదు. "ఎక్కడికి కట్టుకెళుతుంది? అయినా ఈ ఏడు చినుకైనా పడలేదుగా, ఊరికే కూర్చుందేగా" అనుకున్నాను. అనుకోవడమే కాదు, తోడికోడలితో పైకే అన్నాను. అది వదిన చెవిన పడింది.

ఆవిడ కోప్పడలేదు. చీర తీసుకుని ఒళ్ళో పెట్టుకుని నవ్వి, "నిజమేలే అమ్మాయ్. వాన రాలేదుగా," అంది. అంతే.

వదిన పోయి చాలా ఏళ్ళయింది. ఆ మాట మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

ఆ తర్వాత ఎన్నోసార్లు లెక్క వేసి చూశాను. వాన వచ్చి ఉంటే, వదిన పరుగెత్తి పట్టాలు కప్పి పంట కాపాడి ఉంటే, ఊరంతా మెచ్చుకునేవాళ్ళం. పట్టుచీరే పెట్టేదాన్నేమో! వాన రాలేదు కాబట్టి ముతక చీర. ఈ రెంటి మధ్య తేడా వదినలో ఏముంది? ఏమీ లేదు. రెండు రోజులూ ఆవిడ చేసింది ఒక్కటే. తేడా అంతా మబ్బులో ఉంది. మబ్బు చేసిన పనికి మనిషికి వెల కట్టాను నేను.

మావారితో ఈ మాటంటే ఆయన కళ్ళజోడు సర్దుకుని, "బాగుంది. అయితే కూర్చున్న ప్రతివాడికీ జీతం ఇవ్వాలన్నమాట. నిద్రపోయే కాపలావాడు కూడా దొంగ రాలేదండీ అనే అంటాడు," అన్నారు. ఆయన మాట తీసిపారేయడానికి లేదు. ఒక పూటంతా ఆలోచించాను. దొంగ రాని రాత్రి, నిద్రపోయినవాడికీ మేలుకున్నవాడికీ తేడా ఎట్లా తెలుస్తుంది?

తెలుస్తుంది, చూడదలుచుకుంటే. వదిన పట్టాలు మడతలు విప్పి చేతికందేచోట పెట్టుకునేది. అవి గాలికి లేవకుండా బరువు పెట్టడానికి రాళ్ళు ఏరి కుప్ప పోసుకునేది. గంటకోసారి పడమటి దిక్కు చూసేది. అన్నం కల్లంలోనే తినేది. ఊరికే కూర్చోవడం అట్లా ఉండదు. రజని సంగతీ అంతే. ఆవిడ రోజూ ప్రాక్టీసులో బంతులు ఆపితేనే ఎదటివాళ్ళకి గోలు కొట్టడం వస్తుంది. వెనకాల ఇంకొకరు సిద్ధంగా ఉన్నారన్న ధైర్యంతోనే మొదటామె దెబ్బకి వెరవకుండా ముందుకు దూకగలుగుతుంది. సిద్ధంగా ఉండటం కూడా పనే. అది జరిగినదాంట్లో కనపడదు, జరగకుండా పోయినదాంట్లో ఉంటుంది. అందుకే మన కంటికి ఆనదు.

ఇక్కడితో ఆపేస్తే కథ సుఖంగా ఉంటుంది. 2022లో బర్మింగ్‌హాం కామన్వెల్తు ఆటల్లో మన జట్టు కంచు పతకం గెలిచింది. సవితతోపాటు రజని కూడా ఆ జట్టు మనిషే. 2024 జనవరిలో, జట్టుకి అయిదుగురే ఆడే హాకీకి మొదటి ప్రపంచ కప్పు మస్కట్‌లో జరిగితే, మన ఆడపిల్లల జట్టుకి కెప్టెను ఎవరనుకున్నారు? రజనే! ఫైనలు దాకా నడిపించింది. ఫైనల్లో నెదర్లాండ్సు చేతిలో 2-7తో ఓడారు, అది వేరే సంగతి. "చూశారా, ఓపిక పట్టినవాళ్ళకి ఎప్పటికైనా వంతు వస్తుంది" అని ఈ వ్యాసం ముగించాలని నాకూ చెయ్యి లాగింది.

కానీ మా వదినకి మస్కట్ రాలేదు. వంతు రాకుండానే పోయింది. వంతు వస్తుందన్నదే ఎదురుచూపుకి విలువైతే, వంతు రానివాళ్ళ బతుకంతా వృథా అన్నట్టేగా? వచ్చేది ఏదో చూపించి ఇవాళ్టి మర్యాద ఎగవేసే పద్ధతి ఇది. రజని కెప్టెను అయినందుకు గొప్పది కాలేదు. రియోలో పేరు లేకుండా ఉన్ననాడూ అంతే గొప్పది.

ఇంకొక్క మాట. ఇది నన్ను నేను అడుక్కోవాల్సిన మాట. సిద్ధంగా ఉండటం గొప్పదని మెచ్చుకోవడం తేలిక. మన ఇళ్ళలో ఆ మెచ్చుకోలుతోనే ఒకళ్ళని తరతరాలుగా గుమ్మం దగ్గర కూర్చోబెట్టాం. "మా అక్కయ్య ఉంది కాబట్టి ఇల్లు నిశ్చింత" అంటూ తాళం బదులు మనిషిని పెట్టి ఊళ్ళు తిరిగాం. రజని ఆ ఆటని కోరుకుంది. వెళ్ళిపోదలుచుకుంటే వెళ్ళిపోయేది. వదినని ఎవరైనా అడిగారా? "ఈ ఏడు నేనుంటాను, నువ్వు తిరునాళ్ళకి వెళ్ళిరా" అని మాలో ఒక్కరమైనా అన్నామా? నా తప్పు ముతక చీర ఒక్కటే కాదు. పట్టుచీర పెట్టి ఉన్నా, అడగని తప్పు అట్లాగే ఉండేది. బహుశా చీర బాగుంటే ఆ తప్పు నాకు ఎప్పటికీ తెలిసేది కాదేమో!

మొన్న శివరాత్రికి మళ్ళీ కల్లం నిండా కాయలున్నాయి. మా కోడలు తనంతట తానే, "మీరంతా వెళ్ళిరండత్తయ్యా, నేనుంటాను," అంది. ఎంత అలవాటుగా వచ్చిందో ఆ మాట! "నీకు చూడాలని లేదా?" అని అడిగాను. కాసేపు తటపటాయించి, "ఉందనుకోండి," అంది. అందర్నీ కారెక్కించి నేను కుర్చీ వేయించుకుని కల్లం దగ్గర కూర్చున్నాను. పట్టాలు విప్పి పెట్టుకున్నాను. రాళ్ళు ఏరడానికి మాత్రం నడుము సహకరించక పక్కింటి కుర్రాణ్ణి బతిమాలుకోవాల్సి వచ్చింది.

రోజంతా పడమటి దిక్కే చూశాను. ఒక్క మబ్బు లేదు. మర్నాడు కోడలు చెరుకు గడతో దిగి, "ఎట్లా గడిచిందత్తయ్యా, ఏం చేశారు?" అనడిగింది.

"వాన రాలేదమ్మాయ్," అన్నాను.