పులిసిన పిండియు శౌచవిచారమును

కరీంనగరము వంటి పట్టణములలో సైతము ఇపుడు కొన్ని గృహములందు పులిసిన పిండితో రొట్టె కాల్చుకొను వాడుక మొదలైనది. అంగడి ఈస్టు వేయక, గోధుమపిండిని నీటితో గలిపి సీసాలో నుంచి, దినమునకొకమారు సగము తీసివైచి, క్రొత్త పిండియు నీరును చేర్చుచు వారము దినములు కాచుకొనిన యెడల ఆ ముద్ద తనంత తాను పొంగ నేర్చును. పిదప 500 గ్రాముల పిండికి 100 గ్రాముల ముద్ద, 350 గ్రాముల నీరు, 10 గ్రాముల ఉప్పు చాలును. వైశాఖపు ఎండలో నాలుగైదు గంటలకే ఉబికివచ్చు పిండి, ఆదిలాబాదు పుష్యమాసపు చలిలో రాత్రియంతయు కదలక కూర్చుండును.

మా యింటి సీసాను జూచి వృద్ధబంధువొకరు, "ఇన్ని దినములు నిలిచిన పిండి పాచి గాదా? దీనిని వంటయింట నుంతురా?" యని యడిగిరి. ఈ ప్రశ్నను నవ్వి త్రోసివేయుట న్యాయము గాదు. మనుస్మృతి యైదవ యధ్యాయము శుక్తమును, అనగా పులిసిపోయినదానిని, నిషేధించి, పెరుగును దానినుండి పుట్టినవానిని విడిచిపెట్టినది. గీత పదునేడవ యధ్యాయము నిలువయన్నమును తామసాహారములలో జేర్చినది. సూక్ష్మజీవులను చూడలేని కాలమున కుళ్లుటకును పులియుటకును నడుమ గీత గీయుట కష్టము. కావున రెంటిని విడువుమనుట జాగరూకతయే. పాలు పులియుట సజీవకణముల పని యని లూయీ పాశ్చర్ నిరూపించినది 1857లో. పిండియందును ఆ జాతి జీవులే పులుపును బుట్టించి, కుళ్లించు క్రిములను పెరుగనీయవు. వానితోగూడ నివసించు ఈస్టు వాయువును బుట్టించి పిండిని లేపును. పెరుగునకు దొరకిన మినహాయింపు పిండికేల దొరకరాదు? ఇడ్లీపిండికి మన మెన్నడో ఆ మినహాయింపు నిచ్చుకొంటిమి, ఏ పండితుని అనుమతియు నడుగకయే.

అయితే ఈ విచారము పిండితో నాగునది గాదు. జొన్నపిండిని రాత్రి నీట గలిపి పులియనిచ్చి, మఱునాడు కాచి త్రాగు అంబలి ఈ జిల్లాల కష్టజీవులకు తరతరముల యాహారము. గోధుమలోని జిగురు జొన్నకు లేదు గనుక వాయువు నిలువక అది రొట్టెవలె పొంగదు. భేదమంతయు ఆ జిగురులోనిదే, పులుపు ఒక్కటియే. అయినను పులిసిన రొట్టెను ఎక్కువ వెలకు గొని ఆరోగ్యకరమని మెచ్చు విద్యావంతుడే, పనిమనిషి తెచ్చుకొన్న అంబలి చెంబును జూచి ముక్కు మూసికొనును. ఆమెకు చాయ పోయుటకు వేఱు గ్లాసు నుంచు ఇండ్లు నేటికిని గలవు. రాజ్యాంగపు 17వ అధికరణము అస్పృశ్యతను రద్దు చేసినది. కాని గ్లాసు వంటయింటి కిటికీలోనే యున్నది. పూర్వము దీనికి మడి యని పేరు. ఇపుడు శుభ్రత యని పేరు.

శుభ్రతను మేము కాదనము. రోగము గలవాని పాత్ర వేఱుగా నుండుట యుక్తమే. కాని శుభ్రత యందఱకు నొక్కటే నియమము, కడిగినతో తీఱిపోవును. ఎంత కడిగినను తీఱనిది, కొందఱకు మాత్రమే వర్తించునది శుభ్రత యెట్లగును? మన గిన్నెలన్నిటిని తోమి శుద్ధిచేయు చేతికే వేఱు గ్లాసు నుంచుటలోని తర్కమును విద్యార్థి యెవడైన మమ్మడిగిన, న్యాయశాస్త్రమున దానికి మాకు సమాధానము దొరకదు.

పాలలో వేయు ఆ కొంచెపు పెరుగును మనవారు తోడు అందురు. ఎంత చక్కని మాట! పొరుగింటినుండి తెచ్చుకొనుటయు, దీపము పెట్టిన పిదప ఈయరాదనుటయు అందఱెఱిగినవే. ఏ యింటినుండి తేవచ్చును, ఏ యింటినుండి తేరాదు అను లెక్క మాత్రము ఎవరును పైకి చెప్పరు. పిల్లలు చూచి నేర్చుకొందురు.

దినదినము తీసివేయు సగపు ముద్దను పాఱవేయనక్కఱలేదు. అట్లు పోసికొనవచ్చును, అడిగినవారికి ఈయవచ్చును. మా వీథిలో ఇంతవఱకది నాలుగిండ్లకు పోయినది. అందొకటి మా గిన్నెలు తోము నామె యిల్లు. ఆమె దానిని జొన్నపిండిలో గలిపి, ఒక్క రాత్రిలోనే పులిసినదని చెప్పి, మీ గోధుమపిండికి వారము దినము లేల పట్టినదని మమ్మడిగెను.