దాచిన పేరు



అబద్ధమాడుట పాపమని మన పిల్లలకు సండేస్కూలులోనే నేర్పుచున్నాము. అయితే ఒకరి మేలు కోరి ఒక పేరు చెప్పక ఊరకుండుట కూడ అబద్ధమగునా? పొరుగువాని పరువు కాపాడుటకు నోరు మూసికొనుట ప్రేమయే గదా అని అనేకులు తలంచుదురు. 2020వ సంవత్సరమున కోవిడ్ దినములలో ఈ ప్రశ్న మా గుమ్మములోనికే వచ్చెను. మేమప్పుడిచ్చిన జవాబు తప్పని నేడు ఒప్పుకొనుచున్నాము. ఆ సంగతి చెప్పకముందు దూరదేశమున జరిగిన మరియొక సంగతి వినుడని మనవి. అది వినినయెడల మా తప్పు ఎట్టిదో మీకు తేటపడును.

2014 జూలై 20న లైబీరియా దేశమునుండి ఒక మనుష్యుడు విమానములో నైజీరియా దేశపు మహానగరమైన లాగోస్‌నకు వచ్చి, జ్వరముతో పడిపోయి ఆసుపత్రిలో చేరెను. ఎబోలా రోగి నెవరినైన తాకితివా అని అడుగగా లేదనెను. మలేరియా అనుకొని అక్కడివారు సేవచేసిరి. అమేయో స్టెల్లా అడదెవో అను వైద్యురాలు మాత్రము అనుమానపడి, ఎబోలా పరీక్ష చేయించెను. అతనిని పంపివేయుడని ఒత్తిడి వచ్చినను ఆమె పంపలేదు. కోటికి పైగా జనులున్న ఆ నగరములో అతడు తిరిగియున్నయెడల ఏమి జరిగియుండెడిదో! అతడు ఆసుపత్రిలోనే మరణించెను. ఆమెకును ఆ రోగము సోకి, ఆగస్టు 19న కన్ను మూసెను.

ఎబోలా రోగి రక్తము, వాంతి మొదలగువాటిని తాకినవారికి అది సోకును. సోకిన 21 దినములలోపల జ్వరము బయటపడును. జ్వరము రాకముందు అతడు ఇతరులకు అంటింపడు. కాబట్టి రోగిని తాకిన ప్రతివానిని వెదకి, పేరు వ్రాసికొని, 21 దినములు ప్రతిదినము జ్వరము చూచి, జ్వరము వచ్చినవెంటనే వేరుగా ఉంచినయెడల రోగపు గొలుసు అక్కడనే తెగును. నైజీరియాలో పనివారు ఈలాగు సుమారు 890మందిని కనుగొని, సుమారు 18,500 సార్లు వారి యిండ్లకు నడచిరి. ఈ పనికి గొప్ప యంత్రములు అక్కరలేదు. నడచు కాళ్లును, నిజము చెప్పు నోళ్లును ఉండవలెను.

అయితే ఒకడు నిజము దాచెను. పట్టికలోనున్న ఒక మనుష్యుడు లాగోస్‌నుండి తప్పించుకొని పోర్ట్ హార్కోర్ట్ పట్టణమునకు పోయి, హోటలు గదిలో ఒక వైద్యునిచేత రహస్యముగా వైద్యము చేయించుకొనెను. అతడు బ్రదికెను. ఆ వైద్యునికి ఆగస్టు 11న జబ్బుచేసెను. అయినను ఆయన మరి రెండు దినములు రోగులను చూచుచునే యుండెను. ఇంట బిడ్డ పుట్టినందున బంధుమిత్రులు చూడవచ్చిరి. ఆసుపత్రిలో చేరిన తరువాత సంఘస్థులు వచ్చి, ఆయనపై చేతులుంచి ప్రార్థించిరి. ఆగస్టు 22న ఆయన మరణించెను. వైద్యురాలైన ఆయన భార్యకును రోగము సోకెను గాని ఆమె బ్రదికెను. ఒక్కని రహస్యము వలన వందలకొలది క్రొత్త పేర్లు వ్రాసికొనవలసి వచ్చెను.

చేతులుంచి ప్రార్థించిన ఆ సంఘస్థులను మేము తప్పుపట్టము. మేమును అక్కడ ఉన్నయెడల అట్లే చేసియుందుము. వారి ప్రేమ కపటమైనది కాదు. కాని వారికి నిజము తెలియదు. నిజము తెలియని ప్రేమ కన్నులు కట్టుకొని నడచువాని వంటిది.

2014 అక్టోబరు 20న నైజీరియాలో ఎబోలా ముగిసినదని ప్రకటించిరి. రోగులు 20మంది, చనిపోయినవారు 8మంది. ఆ 20మందిలో 11మంది ఆరోగ్యసేవ చేయువారే. ఎందుకనగా రోగము ముదిరినకొలది ఎబోలా అంటించు శక్తి పెరుగును. రోగి ముదిరినప్పుడే ఆసుపత్రికి పోవును. వాంతి ఎత్తువారును, సూది వేయువారును, పడక మార్చువారును అప్పుడే దగ్గరనుందురు. మనము ఒక సంగతి దాచినయెడల, దాని వెల మొట్టమొదట వారి మీదనే పడును.

ఇక మా సంగతి. 2020లో మా సంఘములో ఒక ఇంట జ్ఞాపకార్థ కూడిక జరిగెను. కొన్నాళ్లకు అక్కడికి వచ్చిన ఒక సహోదరునికి కోవిడ్ అని తేలెను. కోవిడ్ ఎబోలా వంటిది కాదు. జ్వరము రాకముందు ఒకటి రెండు దినములనుండియే అది ఇతరులకు అంటును. కనుక పేర్లు త్వరగా తెలియవలెను. మా ఊరి నర్సమ్మ మా గుమ్మము బయట నిలువబడి, “అయ్యగారూ, ఆ రోజు ఎవరెవరు వచ్చారండీ?” అని అడిగెను. మేము పదకొండు పేర్లు చెప్పితిమి. ఒక యింటివారి నాలుగు పేర్లు చెప్పలేదు. ఆ యింటి కూతురికి పెండ్లి కుదిరియున్నది. గోడకు కాగితము అంటించినయెడల సంబంధము చెడిపోవునని తండ్రి మా చేతులు పట్టుకొని బ్రతిమాలియుండెను. మేము జాలిపడితిమి. అది ప్రేమయనుకొంటిమి.

ఆ యింట నిండునెలల కోడలున్నది. నర్సమ్మ ఏమియు తెలియక ఆమెను చూచుటకు పోయి, దగ్గర కూర్చుండి బి.పి. చూచెను. వారము తిరుగకముందే నర్సమ్మకు జ్వరము వచ్చెను. ఆ యింటనుండియే ఆమెకు సోకెనని మేము నిశ్చయముగా చెప్పలేము. కాని ఆమెకు తెలిసియున్నయెడల జాగ్రత్తతో పోయియుండును. ఆ అవకాశమును ఆమెనుండి తీసివేసినది మా జాలియే. దేవుని కృపచొప్పున ఆమె స్వస్థపడెను. మేము పోయి మా తప్పు చెప్పగా, ఆమె కొంతసేపు మాటలాడలేదు. తరువాత, “నాకూ ఇంట్లో ఇద్దరు చంటిపిల్లలున్నారండీ అయ్యగారూ” అని మాత్రము అనెను.

పేర్లు చెప్పుట కొండెము చెప్పుట వంటిది గదా అని కొందరు అనవచ్చును. కొండెగాడు అక్కరలేనివాని చెవిలో చెప్పి, ఒకని పరువు తీయును. రోగమునుండి కాపాడువారికి పేరు చెప్పువాడు ఆ పేరుగలవానిని, వాని యింటిలోని ముసలివారిని, వాని గుమ్మము తొక్కబోవు నర్సును కాపాడుచున్నాడు. పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకరాదను ఆజ్ఞ మనకు తెలియును. పలుకవలసిన సాక్ష్యమును మ్రింగివేసినను పొరుగువానికి కీడు చేసినట్లే యగును.

అయితే ఆ తండ్రిని మాత్రమే నిందించుట న్యాయముగాదు. అతడెందుకు భయపడెను? రోగము కంటె మన నోళ్లకు భయపడెను. ఆ దినములలో మనము ఏమి చేసితిమో జ్ఞాపకము చేసికొనుడి. కోవిడ్ వచ్చినవాని యింటికి పాలు పోయువారు లేకపోయిరి. 2020 ఏప్రిల్‌లో నెల్లూరునకు చెందిన ఒక వైద్యుడు చెన్నైలో కోవిడ్‌తో మరణింపగా, అక్కడివారు దహనమునకు అడ్డుపడిరి. వైద్యులను, నర్సులను కొట్టువారిని శిక్షించుటకు ఆ నెల 22న కేంద్ర ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసి వచ్చెను. ఇట్టి జనుల మధ్య నిజము చెప్పుటకు ఎవనికి ధైర్యము వచ్చును? నిజము కోరువారు ముందుగా నిజము చెప్పినవానికి చోటియ్యవలెను.

సంఖ్యాకాండము 12వ అధ్యాయములో మిర్యాము సంగతి చదువుడి. ఆమెకు కుష్ఠు కలిగినప్పుడు ఏడు దినములు పాళెము వెలుపల ఉంచిరి. అది దాచలేదు. అందరికిని తెలియును. అయినను ఆమె తిరిగి చేర్చబడువరకు జనులు ప్రయాణము చేయలేదు. ఒక్క స్త్రీ కొరకు పాళెమంతయు ఆగియుండెను. వేరుగా ఉంచుట వేరు, వెలివేయుట వేరు. వేరుగా ఉంచినవారికొరకు మనము కాచుకొనియుందుము. వెలివేసినవారిని మరచిపోవుదుము.

ఇది గడచిపోయిన సంగతి మాత్రము కాదు. నేటికిని మన పల్లెలలో ఒకనికి క్షయ యని తేలినప్పుడు, ఇంటివారినందరిని పరీక్షింపవలెనని ఆరోగ్య కార్యకర్తలు వచ్చుచున్నారు. అట్టివారు మీ గుమ్మము నెక్కినప్పుడు పేర్లన్నియు చెప్పుడి. ఎవరి పేరు చెప్పితిరో, వారి యింటికి ఆ సాయంకాలమే బియ్యము, కూరలు గడపయొద్ద దించి రండు. ఈ రెండింటిలో ఒకటి చేసి రెండవది విడిచినయెడల, మరల ఎవరును మనతో నిజము చెప్పరు.

మేము దాచిన నాలుగు పేర్లు ఇప్పటికిని మాకు కంఠోపాఠముగా ఉన్నవి. మీకు అట్టి భారము కలుగకుండును గాక.