ఉప్పు ఋణము – సభాధర్మము

ముసునూరు ప్రాంతమున మామిడితోటను కాయ చూచి కొనువారు కలరు. పూత చూచి కొనువారును కలరు. చెట్టు నిండ పూత విచ్చగానే వర్తకుడు తోటలోనికి వచ్చి, కొమ్మకొమ్మను తేరిపార జూచి, గుత్త యింతయని తేల్చి, బయానా చేతిలో పెట్టును. ఆ క్షణము మొదలు చిన్నరసమైనను, బంగినపల్లియైనను, ఈ సీమవారు కలెక్టరని పిలుచు తోతాపురియైనను, చెట్టు రైతుదే గాని కాయ రైతుది కాదు. నూజివీడు నియోజకవర్గమునకు చెందిన ఈ మండలమునకు ఎన్నికలును పలుమారులు కాయ దిగు కాలముననే వచ్చుచున్నవి. 2024లో పోలింగు మే 13న జరిగినది. ఆ తోటవలెనే ముందుగా బయానా పుచ్చుకొని, తన యెన్నిక వ్యయమును మరియొకడు భరింపగా గెలిచిన శాసనసభ్యుడు రేపు సభలో చేయెత్తునప్పుడు, ఆ చేయి యెవరిది? చూపునకు ఇది రాజకీయ ప్రశ్నవలె నుండును. కాని ఋణమనగా నేమి, దాని యధికార మెంతవరకు అను విచారము మన ధర్మచింతనమున మిక్కిలి పాతది.

భారతమున దీనికొక సూటియైన సమాధానము కలదు. అది మనకు రుచించునది కాదు. యుద్ధారంభమునకు ముందు ధర్మరాజు కవచమును విడిచి, కాలినడకను శత్రుసేనలోనికి పోయి భీష్మునకు మ్రొక్కినప్పుడు, ఆ మహావృద్ధుడు తాను కౌరవుల ధనమునకు కట్టువడినవాడనని నిస్సంకోచముగా చెప్పుకొనెను. ద్రోణుడును, కృపుడును అదే మాట యనిరి. శల్యుని కథ మరింత చిత్రమైనది: పాండవులకు తోడుపడ బయలుదేరిన ఆ మద్రరాజునకు దారి పొడుగున విడుదులు కట్టించి, విందులు పెట్టించినది దుర్యోధనుడు. పెట్టినవాడు ధర్మజుడే యని శల్యుడనుకొని, తృప్తిగా తిని, వరమిత్తునని నోరుజారి, తీరా దాత యెవరో తెలిసిన పిదప మాట తప్పలేక కౌరవపక్షమున నిలిచెను. ఇంతమంది పెద్దలు ఒక్క నోట చెప్పినందున, తిన్న యుప్పునకు లొంగుటయే ధర్మమని భ్రమపడుటకు వీలున్నది. కాని ద్రౌపదిని సభకీడ్చిన నాడు అదే కౌరవుల యన్నము తినుచున్న విదురుడు నోరు విప్పెను. సాక్షాత్తు దుర్యోధనుని తమ్ముడైన వికర్ణుడు లేచి అది యధర్మమనెను. కావున నోరు కట్టినది అన్నము కాదని నా యభిప్రాయము. అన్నమును నెపముగా చూపుట భీష్మునివంటి వానికి కూడ సులభమయ్యెను, అంతే. సభలో ధర్మసందేహము వచ్చినపుడు తెలిసియు పలుకనివాడు ఆ పాపమున పాలు పంచుకొనునని విదురుడు చెప్పినది, తిండి పెట్టినవాని యెదుటనే.

మన చట్టము ఈ ఋణమునకు కొలత కట్టజూచినది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము ప్రకారము అభ్యర్థి తన వ్యయమునకు లెక్క వ్రాసి, ఫలితము వచ్చిన 30 దినములలో అప్పగింపవలెను. ఆంధ్రప్రదేశమున శాసనసభ యభ్యర్థికి 2022 నుండి పరిమితి 40 లక్షల రూపాయలు. పార్టీ పెట్టిన వ్యయమునకు మాత్రము పరిమితి లేదు. అభ్యర్థి కొరకు పార్టీ పెట్టిన ఖర్చును అతని లెక్కలోనే కలుపవలెనని 1974లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా, ఆ తీర్పు సిరా యారకముందే చట్టమును సవరించి దానిని నిష్ఫలము చేసిరి. ఇక 2018లో అమలునకు వచ్చి, 2024 ఫిబ్రవరి 15న రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేయబడిన ఎన్నికల బాండ్లు, అనగా దాత పేరు బయటపడకుండ పార్టీలకు విరాళమిచ్చు పత్రములు, శల్యుని విందునకు తలక్రిందులైన రూపము: ఇక్కడ తిన్నవానికి దాత తెలియకపోవునని యెవరును నమ్మలేదు, తెలియనిది చూచువారికే.

ఈ ఋణము సభ్యుని ఎంతవరకు కట్టునో చూచుటకు, ఈ సీమలోనే పక్కపక్క నియోజకవర్గముల నుండి వచ్చిన ఇద్దరు సభ్యులు కలరు. 1948 నాటి చట్టముతో ఎస్టేటులు రద్దయిన పిమ్మట, నూజివీడు జమీందారీ వంశీయుడైన మేకా రంగయ్య అప్పారావుగారు శిస్తు కట్టిన రైతుల నుండియే ఓటడిగి గెలిచి, మంత్రియై, తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైరి. గన్నవరము నుండి గెలిచినవాడు పుచ్చలపల్లి సుందరయ్య: 1913లో నెల్లూరు జిల్లా అలగానిపాడున భూస్వామి యింట పుట్టి, పేరు చివరి కులసూచకమును తీసివేసి, తన వంతు ఆస్తిని కమ్యూనిస్టు పార్టీకి ధారపోసి, సంతానమే వలదనుకొన్నవాడు. 1955లో కమ్యూనిస్టులు 15 స్థానములకు దిగజారినను ఆయన నిలిచెను. ప్రతిపక్షసభ్యుని శాసనచరిత్ర యతడు చేసిన చట్టముల సంఖ్యలో కనబడదు. అడిగిన ప్రశ్నలలోను, భూమి పంపకముపై పట్టు విడువకుండుటలోను వెదుకవలెను. పార్టీయే ఆయనకు దాత గదా, అది మాత్రము బంధము కాదా యని యడుగవచ్చును. అగును. కాని అత్యవసర పరిస్థితి కాలమున పార్టీ పంథా తనకు సమ్మతము కానప్పుడు ప్రధాన కార్యదర్శి పదవిని వదలుకొనెను. 1978లో మరల గన్నవరమే ఆయనను సభకు పంపెను. ఋణము తీర్చుటకు భీష్ముని దారి యొకటే లేదని ఇట్టివారు చూపిరి.

అప్పారావుగారి వంశధనమును, సుందరయ్యగారి త్యాగమును పోల్చి ఒకరిని హెచ్చించుట నా యుద్దేశము కాదు. కలవాడు ధనికులకు లొంగడనుట యెంత భ్రమయో, లేనివాడు లొంగడనుటయు నంతే భ్రమ.

అయినను దోషమంతయు దాతమీదను, సభ్యునిమీదను త్రోయుట న్యాయము కాదు. పోలింగునకు ముందు రాత్రి ఇంటికి వచ్చు డబ్బు కవరును పుచ్చుకొన్న ఓటరు చేసినదేమి? సభ్యుడు తనకు అయిదేండ్లు పడియుండవలసిన ఋణమునకు అప్పుడే చెల్లుచీటి వ్రాసి యిచ్చినాడు. ఇచ్చుటయు, పుచ్చుకొనుటయు చట్టము దృష్టిలో నేరములే. కాని ధర్మదృష్టిలో నష్టము మరింత లోతైనది, ఏలనన అప్పు తీరిన తరువాత ఋణదాత గుమ్మము తొక్కి నిలదీయుటకు వీలులేదు.

అభ్యర్థి యప్పగించిన లెక్కను ఒక్క రూపాయి రుసుము చెల్లించి యెవరైనను చూడవచ్చునని 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమములు చెప్పుచున్నవి. ముసునూరివారికి 2022 వరకు జిల్లా కార్యాలయము మచిలీపట్నమున నుండెను, ఇప్పుడు ఏలూరున నున్నది. బస్సు ఛార్జీయే రుసుముకంటె ఎన్నో రెట్లు. ఆ కాగితములలో వాహనముల యద్దె, షామియానాలు, కరపత్రములు, టిఫిన్లు వరుసగా కనబడును. పార్టీ యెంత యిచ్చినది, వ్యక్తులెవరు ఎంతెంత యిచ్చినది తెలుపు గడులును కలవు. తాను కవరు పుచ్చుకొననివాడైనచో, చూడవచ్చిన ఓటరు ఆ గడుల యెదుట వేలు నిలిపి ప్రశ్న వేయగలడు.